సగం వినపడే జాగ

నా బిడ్డ పోయిందన్న మాట నాకు ముందు జర్మన్‌లో చెప్పారు. ఆసుపత్రి వరండాలో ఒక డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని, నా ముఖంలోకి చూస్తూ చాలాసేపు మాట్లాడింది. పక్కనుంచి తిండి బండి గలగలమంటూ పోతోంది. ఆ భాష నాకు రాదు. అయినా ఆమె మూతి కదిలిన తీరు చూసి, అల్లుడు తెలుగులో చెప్పేలోపే తెలిసిపోయింది. ఆమె అంతసేపు మాట్లాడితే అల్లుడు చెప్పింది ఒక్క ముక్క. "అయిపోయిందండి, అత్తయ్యగారూ." మిగతా మాటలన్నీ ఏమయ్యాయి? ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఈ అనుమానమే.

దానికంటే పెద్ద అనుమానం ఇంకొకటి ఉంది. ఆ పొద్దున నా బిడ్డ ఒక మాట అన్నది. ముక్కూ నోరూ కలిపి మాస్కు పెట్టారు. గాలి కొట్టే మిషన్ హోరుమంటోంది. మాస్కు లోపల ఆవిరి పట్టి పెదవులు కనపడలేదు. "మళ్ళ చెప్పు బిడ్డా" అన్నాను. చెప్పింది. మళ్ళీ వినపడలేదు. మంచానికి అటుపక్క, తన తలకు దగ్గరగా వంగి ఉన్నది అల్లుడు. ఏమన్నదని అడిగాను.

"అమ్మ తిన్నదా అని అడుగుతోందండి" అన్నాడు.

నేను నమ్మలేదు.

ఈ ఊరి తెలుగువాళ్ళు తమ ఉగాది పుస్తకంలో వేస్తామని, నా బిడ్డ గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమన్నారు. పెద్ద చదువు లేనిదాన్ని. తప్పులుంటే దిద్దుతామన్నారు. దిద్దండి గానీ, దిద్దే పేరుతో ఏదీ తీసెయ్యకండి అని చెప్పాను. మంచి మాటలు రాస్తాను. కానీ నా బిడ్డ ఆఖరి మాట ఏమిటో తేలకుండా వేరే మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. మా ఆయన ఉన్నన్నాళ్ళూ సాంచాలు నడిపాడు. సాంచాలంటే మరమగ్గాలు. నేను ఆ షెడ్డులోనే కండెలు చుట్టేదాన్ని. నా బిడ్డకు ఊయల కట్టింది కూడా ఆ షెడ్డు గోడకు అవతలే. సాంచాలు నడుస్తుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. ముఖానికి ముఖం పెట్టి పెదవులు కదుపుతారు, చేత్తో ఇంత సైగ చేస్తారు. ఏం కూర వండావు, సేటు కూలి ఎప్పుడిస్తానన్నాడు, ఫలానావాడి పెళ్ళాం పుట్టింటికి ఎందుకు పోయింది, అన్నీ ఆ హోరులోనే చప్పుడు లేకుండా నడిచేవి. నా బిడ్డ గొంతు మాటల కంటే ముందు ఆ పెదవుల మాటలే నేర్చింది. షెడ్డు గుమ్మంలో నిలబడి, అంత దూరం నుంచి, చప్పుడు లేకుండా "అమ్మా ఆకలి" అనేది.

ఆ పిల్ల జర్మనీలో ఈ మాగ్డెబర్గ్‌కు చదువుకు వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదిరింది. ఏం ఉద్యోగమే అని ఫోన్లో అడిగాను.

"లొల్లిల మనుషులకు మాట ఎంత ఇనపడ్తదో చూసుడమ్మా."

"దానికి జీతమిస్తరా?"

"ఇస్తరమ్మా. నెలకు నెల."

ఏదో దాస్తోందనుకున్నాను. మా షెడ్డులో ముప్పై మందిమి ఆ పనే చేశాం, ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు.

అల్లుడు గోదావరి వైపు వాడు. ఇక్కడే చదువుకునేటప్పుడు ఒకరినొకరు చూసుకున్నారు. సాఫ్ట్‌వేర్ పని. మాటకు ముందు ఒక 'అండి', మాట తర్వాత ఒక 'అండి'. ఎవరైనా అంత మెత్తగా మాట్లాడితే వెనకాల ఏదో ఉందనిపిస్తుంది నాకు. నా బిడ్డ నవ్వేది. "వాళ్ళ దిక్కు కుక్కను తరిమినా గట్లనే అంటరమ్మా, లెవ్వండి అని."

నేను మూడు నెలల వీసా మీద వచ్చి పోతూ ఉండేదాన్ని. మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడి మనవాళ్ళంతా ఒక బడి హాలు అద్దెకు తీసుకుని బతుకమ్మ ఆడారు. ఇంట్లో చెంచా కిందపడినా నాకు వినపడుతుంది. ఆ హాల్లో మాత్రం మాటలన్నీ కలిసిపోయి అంబలైపోయాయి. ఆడవాళ్ళు నా చుట్టూ నిలబడి ఏదో అంటున్నారు, నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను, ఎందుకో తెలియకుండా. నన్ను చూసే నవ్వుతున్నారని అనుమానం. చీర చూసుకున్నాను, జుట్టు సర్దుకున్నాను. తల ఎత్తేసరికి హాలుకు ఆ చివర నా బిడ్డ నిలబడి ఉంది. మా షెడ్డు గుమ్మంలో నిలబడినట్టే. పెదవులు కదిపింది. "నీ బతుకమ్మ అందరి కన్న బాగున్నదంటున్నరు."

ఇంటికి వచ్చాక అడిగాను. "నిజంగనే అన్నరా? నువ్వు కలిపి చెప్పినవా?"

"ఒక్క ముక్క కలపలే అమ్మా. కలిపితే నా ఉద్యోగం పోతది."

మర్నాడు నన్ను తన పనిచోటుకు తీసుకుపోయింది. గోడలకు మెత్తలు కొట్టిన చిన్న గది. తలుపు మూస్తే నా ఊపిరి నాకే వినపడింది. అంత నిశ్శబ్దం మంచిది కాదనిపించింది. నా చెవులకు డిప్పలు తగిలించింది.

"హోరొస్తది. దాని నడుమ ఒక మాటొస్తది. ఎంత ఇనపడితే గంతే చెప్పు. ఇనపడకపోతే ఇనపడలేదను. సిగ్గు పడకు."

హోరు మొదలైంది. వాన పడుతున్నట్టు, దూరంగా సాంచాలు నడుస్తున్నట్టు. మధ్యలోంచి నా బిడ్డ గొంతే వచ్చింది. "రాజవ్వ ఏడు ఎర్ర గిన్నెలు కడిగింది."

నేను డిప్పలు తీసేశాను. "రాజవ్వ ఎవరే?"

"ఎవరు లేదమ్మా. ఉత్తగ పెట్టిన పేరు."

"ఎర్ర గిన్నెలు ఎక్కడన్న ఉంటయా? అమ్మను పిచ్చిదాన్ని చేస్తున్నవా?"

"ఉండయనే పెట్టిన. నల్ల కాకి అని పెడితే నువ్వు ఇనకుండనే చెప్తవు. అడ్డదిడ్డం మాటైతేనే నువ్వు ఇన్నవో, నింపుకున్నవో తెలుస్తది."

ఇక్కడివాళ్ళకు జర్మన్‌లో అలాంటి మాటల కుప్ప ఉందట. మన పెద్దవాళ్ళకు అది పెడితే ఏం తెలుస్తుంది? అందుకని ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని, తెలుగులో తనే అల్లి, తన గొంతుతోనే చదివి పెట్టింది. ఎల్లయ్య మూడు పాత గొడుగులు అమ్మాడు. లస్మవ్వ ఐదు పెద్ద తాళాలు తెచ్చింది. నేను గట్టిగా, గర్వంగా చెప్పుకుంటూ పోయాను. చెప్పినకొద్దీ గొంతు తగ్గుతోంది, హోరు మాత్రం అంతే ఉంది. మళ్ళీ డిప్పలు తీశాను.

"నేను సరిగ్గ చెప్పినకొద్ది దించుతున్నవేంది? ఇదేం న్యాయమే?"

"పద్ధతే గట్లమ్మా. సరిగ్గ చెప్తే దిగుతది, తప్పయితే ఎక్కుతది. నువ్వు యాడ సగం ఇని సగం ఇనవో, ఆ జాగ దొరకాలె."

"దొరికితే ఏం చేస్తవు?"

"ఆడికొచ్చి నిలవడ్త" అన్నది.

మళ్ళీ మొదలుపెట్టింది. ఒకచోట నాకు ఎల్లయ్య పేరు ఒక్కటే దొరికింది. ఊరుకోలేక, "ఎల్లయ్య గొడుగులు దొంగతనం చేసిండు" అన్నాను. నా బిడ్డ కుర్చీలోంచి పడబోయింది నవ్వలేక. "దొంగతనం యాడికెళ్ళొచ్చిందమ్మా? ఆ పాపం ఎల్లయ్యది కాదు, నీదే." తర్వాత చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఇన్నదైతే ఎన్నిసార్లడిగినా ఒక్కతీరుంటదమ్మా. నింపుకున్నది అడిగినకొద్ది మారుతది."

నేను మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. మొహం చూపకుండా మాట్లాడితే ఎవరికి వినపడుతుంది, ఎదురుగా కూర్చుని చెప్పు అన్నాను. కూర్చుంది. అదే హోరు, అదే గొంతు. పెదవులు కనపడుతుంటే రాజవ్వా పోలేదు, ఎల్లయ్యా పోలేదు, గిన్నెలూ గొడుగులూ అన్నీ వచ్చి నా ఒడిలో పడ్డాయి. "నువ్వు కండ్లతోటి ఇంటున్నవమ్మా. చెవులేమో సాంచాలకిచ్చినవు" అన్నది. చెవికి మిషన్ పెట్టుకోమని బతిమాలింది. నేను పెట్టుకోలేదు. అటునుంచి లోపలికి వచ్చేది ఇటునుంచి బయటికి పోదని ఏం నమ్మకం?

వచ్చేముందు ఇంకొకటి అడిగాను. "ఈ హోరు యాడిదే? ఏదన్న కార్ఖానకు పోయి పట్టుకొచ్చినవా?"

"నేనేనమ్మా. నేను చదివిన మాటలన్నీ ఒకదాని మీద ఒకటి కుప్ప పోస్తే గట్లయితది. ఒక్కటి గుడ సమజ్ గాదు."

అదీ నమ్మలేదు. తన గొంతు అంత కర్కశంగా ఎందుకుంటుంది?

ఆ తర్వాత ఇంట్లో తన తీరే మారింది. నాతో మాట్లాడాలంటే ముందు వంటింటి చిమ్నీ ఆపేది. నల్లా కట్టేసేది. భుజం తట్టి, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడి, అప్పుడు నోరు తెరిచేది. హోటల్‌కు పోతే నన్ను గోడవారగా కూర్చోబెట్టేది, చప్పుడు వెనకనుంచి రాకుండా. చుట్టాలు వస్తే నాకు ఎదురుగా కూర్చుని, వాళ్ళు చెప్పిందల్లా పెదవులతో నాకు అందించేది. నలుగురిలో ఉన్నా పరాయిదాన్నన్న దిగులు నాకు పోయింది. నా బిడ్డ పెట్టిన భిక్ష అది.

అలాంటి పిల్ల, పోయిన చలికాలం నేను వచ్చేసరికి, తిరగేసింది అంతా. నేను వంటింట్లో అడుగుపెడితే చాలు, చిమ్నీ వేసేది. పొయ్యి మీద ఏమీ ఉండదు. చిమ్నీ నడుస్తూ ఉంటుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నాకు వీపు పెట్టి, కిటికీ వైపు తిరిగి మాట్లాడుకునేవాళ్ళు. సాంచాల దగ్గర పెరిగిన మనిషి ఎదుటి మనిషికి ముఖం చూపకుండా మాట్లాడదు. మాట్లాడిందంటే ఆ మాట ఆ మనిషికి చేరకూడదన్నమాట. నన్ను ముందే పంపించేస్తారా? వాళ్ళిద్దరికీ చెడిందా? అల్లుడి తల్లి వస్తోందా? అల్లుణ్ణి పట్టుకుని అడిగాను.

"ఏం లేదండి, అత్తయ్యగారూ. ఆఫీసు గొడవలండి."

ఏమీ లేకపోతే రెండు అండిలు ఎందుకు?

అప్పుడు ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతోంది. ఒకరోజు సాయంత్రం నేను బల్ల దగ్గర ఎల్లిపాయలు ఒలుస్తున్నాను. వంటింట్లో లైటు, చిమ్నీ మోత, ఇద్దరి వీపులు. తల ఎత్తి కిటికీ చూశాను. బయట చీకటి కదా, ఆ గాజు అద్దమైపోయింది. అందులో నా బిడ్డ ముఖం, కదిలే పెదవులు, చక్కగా నాకు ఎదురుగా కూర్చున్నట్టే ఉన్నాయి.

"అమ్మకు చెప్పకు. ఊరికి పోయినంక చెప్దాం. ఇప్పుడు చెప్తే పోదు."

లేచి వెళ్ళి చిమ్నీ ఆపాను. "పోను. ఏందో చెప్పు."

ఇద్దరూ ఇటు తిరిగారు. అల్లుడు "ఏం లేదండి" అనబోయాడు. నేను వేలితో కిటికీ చూపించాను. నా బిడ్డ అటు చూసింది. గాజులో నేను కనపడ్డాను. ముందు నవ్వొచ్చింది తనకు. "సాంచాల కాడ పుట్టి అద్దం మరిచిన చూడు" అంటూ నవ్వి, ఆ నవ్వులోనే ఏడుపందుకుంది. అప్పుడు చెప్పారు. రొమ్ములో మొదలైన క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని.

నా అనుమానం నిజమే అయింది. నా జన్మలో ఒక్క అనుమానమైనా తప్పయితే బాగుండునని మొక్కుకున్నది ఆ రోజే.

"నా సగం జాగ ఏదో నీకు ఎరుకే గద. దాన్ని చూసే చిమ్నీ పెట్టినవు" అన్నాను.

తల ఊపింది. "చిమ్నీ రెండో నంబరు సాలు నీకు. మూడు దాక ఎన్నడు పెట్టలే."

ఎందుకు దాచావంటే, "నువ్వు నా మొహం దిక్కు చూస్తవు గద అమ్మా మాట్లాడేటప్పుడు. గా చూపు మారుతదని" అన్నది.

వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే ముందుగా టైము, తీసుకుని నా వీసా పొడిగించారు. అప్పటినుంచి ఆసుపత్రి, ఇల్లు. డాక్టర్లు వచ్చి మంచం పక్కన పొడుగ్గా మాట్లాడేవాళ్ళు. అల్లుడు పొట్టిగా చెప్పేవాడు. నేను బిడ్డ వైపు చూసేదాన్ని. తను దిండు మీదనుంచి పెదవులు కదిపేది. "సరిగ్గనే చెప్తున్నడమ్మా." లేకపోతే, "కొంచెం మింగిండు. నేను చెప్త." మింగినదాన్ని కూడా తనే చెప్పేది, చప్పుడు లేకుండా. ఒక్కసారి కూడా ముఖం పక్కకు తిప్పుకోలేదు. ఆఖరికి మాస్కు పెట్టారు. దానితో ఆ దారీ మూసుకుపోయింది.

పోయాక దహనానికి కూడా టెర్మిన్ కోసం ఎదురుచూశాం. అన్నీ అయ్యాక ఒకరోజు మనవాళ్ళు కొందరు ఇంటికి వచ్చారు. హాలు నిండిపోయింది. నాకు మాటలు మళ్ళీ అంబలైపోయాయి. ఎదురుగా నిలబడి అందించే మనిషి లేదు. గోడవారగా కూర్చుని అందరి మూతులూ చూస్తున్నాను. ఆ చివర ఒకావిడ అల్లుణ్ణి అడిగింది. "ఆఖర్న ఏమన్నా మాట్లాడిందా?" అతని పెదవులు చూశాను. "అమ్మని జాగ్రత్తగా చూసుకోమందండి."

ఆసుపత్రిలో నాకు చెప్పింది, అమ్మ తిన్నదా అని. విన్నదైతే ఒక్కతీరే ఉంటుంది. ఇది మారింది.

అందరూ వెళ్ళేదాకా ఓపిక పట్టాను. వంటింట్లోకి పిలిచాను. చిమ్నీ ఆగే ఉంది. నల్లా గట్టిగా కట్టేశాను. వెలుతురు అతని ముఖం మీద పడేలా కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"నా దిక్కు మొహం పెట్టి చెప్పు. అది ఆఖరికి ఏమన్నది?"

అతని పెదవులే చూస్తున్నాను. కదిలాయి.

"నాకూ వినపడలేదండి."

"మరి నాకెందుకట్ల చెప్పినవు?"

"మీరు అడిగారు కదండి. ఆ నిమిషంలో వినపడలేదని ఎలా చెప్పనండి? రోజూ పొద్దున్నే తను అడిగే మాట అదే కదా. అదే అయ్యుంటుందనుకున్నాను." కళ్ళు తుడుచుకున్నాడు. "అసలు మీకు తెలుసనే అనుకున్నానండి ఇన్నాళ్ళూ. మీకు పెదాలు చదవడం వచ్చు కదా. తను నా గురించే ఏదో అనుంటుంది, మీరు నాకు చెప్పకుండా దాచారు అనుకున్నాను. మీరేమో పొద్దున లేస్తే నన్ను అదోలా చూస్తారు..."

"అదోలగనా? ఎట్ల?"

"ఇదిగోండి, ఇప్పుడు చూస్తున్నట్టే."

ఒకే ఇంట్లో, ఒకే మాట కోసం, నేను అతని జేబులు తడుముతుంటే అతను నా కొంగు ముడి తడుముతున్నాడన్నమాట.

"ఆవిరి పట్టింది కొడుకా. నాకు గుడ కనపడలే" అన్నాను. అతన్ని కొడుకా అని పిలవడం అదే మొదలు. అల్లుడుగారూ అనే పిలిచేదాన్ని అంతకుముందు.

అతను లేచి వెళ్ళి నా బిడ్డ లాప్‌టాప్ తెచ్చాడు. తను చదివి పెట్టిన తెలుగు మాటలు అందులో ఉన్నాయి. పెట్టాడు. హోరులోంచి నా బిడ్డ గొంతు వచ్చింది. రాజవ్వ ఏడు ఎర్ర గిన్నెలు కడిగింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయాం. ఎల్లయ్య వచ్చాడు, లస్మవ్వ వచ్చింది. అవన్నీ నేను ముందే విన్నవి.

"మాటలు తీసెయ్ కొడుకా. హోరొక్కటే పెట్టు."

"హోరా అండి?"

"అది గుడ తన గొంతేనని చెప్పింది. నేనే నమ్మలే."

పెట్టాడు. వాన పడ్డట్టు, దూరంగా సాంచాలు నడిచినట్టు. చెవి దగ్గర పెడితే అప్పుడు తెలిసింది. కర్కశం కాదు. తను పొద్దున లేచాక రెండు ముక్కలు మాట్లాడేదాకా గొంతులో ఉండే జీర, అదంతా అందులో ఉంది. ఒక్క మాట కూడా విడిగా రాదు. అన్నీ తన మాటలే. అంత కుప్పలో ఆ ఒక్క మాట లేకుండా ఉంటుందా అని నా అనుమానం. లేదని నాకూ తెలుసు, ఇది తను ఎప్పుడో చదివింది. అయినా అనుమానం అనుమానమే.

"కొంచెం పెంచు" అన్నాను.

ఇంకా పెరగదన్నాడు. లేచి కిటికీ మూశాడు. హాల్లో గడియారం తీసి దిండు కింద పెట్టి వచ్చాడు. మళ్ళీ కూర్చున్నాడు, చెవి ఆనించాడు, తల అడ్డంగా ఊపి మళ్ళీ లేచాడు. ఈసారి ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు. దాని గురగుర ఆగింది. అప్పుడు వచ్చి నా ఎదురుగా, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చున్నాడు.